ఎరుకల పాటకు కట్టిన కంచె

విజయవాడ నుంచి గూడూరు వైపు సాగే రైలుమార్గంలో బాపట్ల దాటిన తరువాత, చీరాల రాకముందు, ఒక చిన్న స్టేషను ఉంది. పసుపుపచ్చని పలక మీద నల్లని అక్షరాలతో స్టువర్టుపురం అన్న పేరు కనిపించి, అంతలోనే వెనక్కు జారిపోతుంది. ఆ పేరు చదివిన ప్రయాణికులలో ఎవరో ఒకరు తన పెట్టెను కాళ్ళ దగ్గరకు లాక్కోవడం, పక్కవారు నవ్వడం కోస్తా ప్రయాణాలలో చాలాకాలం సాగిన వేడుక. ఒక ఊరిపేరు నేరానికి మారుపేరుగా స్థిరపడిపోవడానికి ఒక తరం చాలదు. దానికి చట్టం కావాలి, రిజిస్టరు కావాలి, ప్రతి రాత్రీ హాజరు పిలిచే అధికారి కావాలి. ఇవన్నీ ఆ ఊరికి సమకూడాయి.

నవ్వే ఆ ప్రయాణికునికి తెలిసినా గుర్తుకు రాని విషయం మరొకటి ఉంది. ఆ ఊరివారి ముత్తవ్వలను తెలుగు గృహిణులు వాకిట్లోకి పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, చేటలో బియ్యం పోసి పాట విన్నారు. తమ బిడ్డల పెళ్ళిళ్ళ గురించి, తప్పిపోయిన పశువుల గురించి, దూరదేశం పోయిన భర్తల గురించి వారి నోటనే ఎరుక అడిగారు. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. కులానికి ఆ మాటే పేరుగా నిలిచింది.

బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టాన్ని 1871లో చేసింది. మొదట అది పంజాబు, వాయవ్య పరగణాలు, అవధ్ ప్రాంతాలకే పరిమితం. 1911లో చేసిన కొత్త చట్టం దానిని దేశమంతటికీ, మద్రాసు రాజధానితో సహా, విస్తరింపజేసింది. చట్టం వెనుక ఉన్న తర్కం సులభమైనది. ఈ దేశంలో నేతగాని కొడుకు నేతగాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినప్పుడు దొంగ కొడుకు దొంగ కాక ఏమవుతాడన్నది దాని సారం. కులవృత్తి అన్న భావనను తీసుకొని దానిని నేరానికి అంటగట్టారు. ఒక కులాన్ని నేరస్థ జాతిగా ప్రకటించిన తరువాత ఆ కులంలో పుట్టినవారు ఏ నేరమూ చేయనక్కరలేదు, ఏ న్యాయస్థానమూ విచారించనక్కరలేదు. పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, ఊరు విడిచి పోవాలంటే పాసు కావాలి. అంతకుమించి, ఆ కుటుంబాలను సెటిల్‌మెంటు అనే ప్రత్యేక నివాసానికి తరలించే అధికారం, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పాఠశాలల్లో ఉంచే అధికారం కూడా ప్రభుత్వానికి దఖలు పడ్డాయి.

ఆ విధంగా 1913 ప్రాంతంలో బాపట్ల సమీపాన వెలసిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. నెల్లూరు జిల్లా కావలిలో ఇటువంటి సెటిల్‌మెంటునే అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన శామ్యూల్ బౌడెన్ నడిపాడు. రెండుచోట్లా నివాసితులలో అధికసంఖ్యాకులు ఎరుకలవారు.

వీరు ఎవరు? తమలో తాము మాట్లాడుకునే భాష తమిళానికి దగ్గరి చుట్టం. తమిళదేశంలో కొరవలు, కన్నడదేశంలో కొరమలు, కొరచలు, మహారాష్ట్రంలో కైకాడులు వీరి దాయాదులే. వెదురుబుట్టలు అల్లేవారు దబ్బ ఎరుకలు, తీరం నుంచి గాడిదలమీద ఉప్పు మోసుకుపోయి లోపలి గ్రామాలలో ధాన్యానికి మార్చుకునేవారు ఉప్పు ఎరుకలు, ఎరుక చెప్పేవారు కూత ఎరుకలు. ఒకే కుటుంబంలో పురుషుడు ఉప్పు మోస్తే స్త్రీ ఎరుక చెప్పడం కూడా వాడుకే. కర్ణాటకలో కొరమలు సన్నాయి, డోలు పట్టి పెళ్ళిళ్ళకు, దేవుని ఉత్సవాలకు వాయించేవారు. ఆ శుభకార్యాలు వారి వాద్యం లేనిదే మొదలయ్యేవి కావు. అదే జాతికి చెందినవారు రాజధాని సరిహద్దు దాటి ఇవతలకు వచ్చేసరికి పోలీసు పుస్తకంలో పేర్లయ్యారు.

ఎరుకలసాని పాటను కేవలం జోస్యమని కొట్టిపారేయడం పొరపాటు. నెత్తిన బుట్ట, చేతిలో చిన్న కర్ర, నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా పచ్చబొట్లు. ఆమె వాకిట నిలబడి ముందుగా దేవతలను తలుస్తుంది. కంచి కామాక్షి, మధుర మీనాక్షి, కాశీ విశాలాక్షి, బెజవాడ కనకదుర్గ, ఆపైన ఆ ఊరి పోలేరమ్మ. ఈ వరుసలో ఒక క్రమం ఉంది. దూరదేశపు క్షేత్రాల నుంచి మొదలై అడిగేవారి గడప దాకా వస్తుంది. వింటున్న ఇల్లాలు తన ఊరు దాటి ఎరగకపోవచ్చు. పాట ఆమె ముందు ఒక దేశపటాన్ని పరుస్తుంది. ఆ తరువాత కర్రను అరచేతికి ఆనించి, గొంతు తగ్గించి, పదాన్ని సాగదీస్తూ, ఆపుతూ, ప్రశ్నలోనే జవాబును రాబడుతూ ఎరుక నడుపుతుంది. దానిలో లయ ఉంది, అభినయం ఉంది, ఎదుటివారి ముఖం చదివే నేర్పు ఉంది. బాట మీద నేర్చిన విద్య అది. బాట లేనిచోట దానికి బ్రతుకు లేదు.

ఈ స్త్రీని తెలుగు సాహిత్యం, పురాణం ఎంత ఆదరించాయో గుర్తుచేసుకోవాలి. తిరుమల స్థలపురాణంలో శ్రీనివాసుడు పద్మావతిని వరించిన పిమ్మట పెళ్ళి సంబంధం కుదుర్చుకోవడానికి స్వయంగా ఎరుకలసాని వేషం వేసుకొని నారాయణవనం చేరాడు. ఆకాశరాజు భార్య ధరణీదేవికి ఎరుక చెప్పి తన పెళ్ళికి తానే దారి వేసుకున్నాడు. ఏడుకొండలవానికి కూడా ఆ ఘడియలో అక్కరకు వచ్చిన వేషం మరొకటి లేదు. రాజాంతఃపురంలోకి అడ్డులేకుండా పోగలిగిన పరస్త్రీ ఎరుకలసాని ఒక్కతే కాబట్టి కథకునికి ఆ వేషం తోచింది. తంజావూరు మరాఠా పాలకుడు శాహజీ ఆస్థానంలో గిరిరాజకవి ‘రాజమోహన కొరవంజి’ తెలుగులోనే రచించాడు. తమిళంలో కురవంజి ఒక ప్రత్యేక నాట్యప్రక్రియగా వికసించింది. విరహంతో ఉన్న నాయిక వద్దకు కొండల నుంచి ఎరుకత వచ్చి, తన కొండ సొంపులు వర్ణించి, చేయి చూసి, నాయకుడు వస్తాడని చెబుతుంది. ఆమెను వెదుక్కుంటూ పిట్టలు పట్టే ఆమె మగడు వస్తాడు. తెలుగునాట పగటివేషాలలో ఎరుకలసానికి స్థానం ఉంది. ఆ పాత్ర వేసే మగవాడు కోక కట్టి, బుట్ట పెట్టుకొని వీధిలోకి వస్తే పిల్లలు వెంటపడేవారు.

వేషానికి ఇంత మన్నన ఉన్నది. వేషం వెనుక ఉన్న మనిషి సంగతి వేరు.

ఎరుకలవారి పతనానికి చట్టం ఒక్కటే కారణం కాదు. ఉప్పు తయారీ, అమ్మకం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి పోయిన తరువాత గాడిదల మీద ఉప్పు మోసి బ్రతికేవారికి దినదినం గండమైంది. 1876–78 కరవు గ్రామాలను గుల్లచేసింది. మారకానికి ధాన్యం లేదు. రైలుబండి వచ్చి, వారు నెల రోజులు నడిచే దూరాన్ని ఒక రాత్రిలో దాటింది. బెజవాడ – మద్రాసు రైలుమార్గం 1899లో పూర్తయింది. ఈనాడు స్టువర్టుపురం పలకను దాటిపోయేది ఆ మార్గమే. వృత్తి పోయినవారిలో కొందరు దొంగతనాలకు దిగారు. ఎవరూ దిగలేదనడం చరిత్ర కాదు. కాని కొందరి చేతలకు అందరినీ, పుట్టబోయేవారిని కూడా, బాధ్యులను చేయడం చరిత్రలో మరొక అధ్యాయం.

ఆ అధ్యాయానికి గ్రంథాలు కూడా తోడ్పడ్డాయి. పోలీసు అధికారి ఎం. పాపారావు నాయుడు 1905లో కొరవలు, ఎరుకలు, కైకాడుల చరిత్ర అంటూ ఒక పుస్తకం ప్రచురించాడు. ఎడ్గర్ థర్స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలో కొరవల గురించిన సుదీర్ఘమైన భాగం ఉంది. దానిలో జానపద విజ్ఞానం, పోలీసు సమాచారం కలగలిసిపోయాయి. ఆనాటి పోలీసు రచనలలో మళ్ళీమళ్ళీ కనిపించే ఆరోపణ ఒకటి గమనార్హం. ఎరుక చెప్పే స్త్రీ ఇంట్లోకి వచ్చేది పాట పాడడానికి కాదు, ఇంటి ఆనవాళ్ళు కనిపెట్టి మగవారికి చేరవేయడానికి అన్నది ఆ ఆరోపణ. ఒక్కమాటతో కళ సాక్ష్యంగా మారింది. ఎదుటివారి ముఖం చదవగల నేర్పు, ఇల్లాలిని మాటలలో పెట్టగల చొరవ, ఊరూరా తిరిగే అలవాటు, ఇవే ఆమె కళకు పెట్టుబడులు. ఇవే ఆమె నేరానికి రుజువులయ్యాయి. దొమ్మరులకూ ఇదే గతి పట్టింది. గడ ఎక్కి, తాడు మీద నడిచి, డోలు మోతకు గాలిలో మొగ్గలు వేసే ఆ కులం కూడా మద్రాసు రాజధానిలో అనుమానితుల పట్టికకు ఎక్కింది. పాలకుని దృష్టిలో స్థిరంగా ఒకచోట ఉండి శిస్తు కట్టేవాడు ప్రజ. నడుస్తూ పాడేవాడు ప్రమాదం.

ఇక సెటిల్‌మెంటులోని సంగతులు. వచ్చినవారికి భూమి చూపించారు. ఆ భూమి అందరికీ చాలేది కాదు. చాలనివారు చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయేవారు. రాత్రి హాజరు తప్పనిసరి. బయటికి పోవాలంటే పాసు, పాసులో గడువు. పిల్లలకు బడి పెట్టారు, రోగులకు మందులిచ్చారు. ఇవి చిన్న ఉపకారాలు కావు. ఈ ఊరివారిలో చదువుకొని ఉద్యోగాలలో చేరినవారి తొలిమెట్టు ఆ బడే. అయితే పాటకు ఏమైందన్నది వేరే ప్రశ్న. ఎరుక చెప్పే ఆడమనిషి పొద్దున బయలుదేరి నాలుగు ఊళ్ళు తిరిగి, ఎక్కడో సత్రంలోనో చెట్టుకిందో రాత్రి గడిపి, వారానికి ఇంటికి చేరే జీవి. సాయంకాలానికి హాజరు పిలుపుకు నిలబడవలసిన మనిషికి కాశీ, కంచి మాట అటుంచి పక్క తాలూకా కూడా అందదు. జోస్యం మూఢనమ్మకమని మిషనరీ నిరసిస్తాడు, గూఢచర్యమని పోలీసు నిషేధిస్తాడు, పాసులో గడువు చాలదని గుమాస్తా చెబుతాడు. పాటను నిషేధిస్తున్నామని ప్రత్యేకంగా ఆజ్ఞ జారీ చేయవలసిన పని లేకపోయింది.

ఇందులో ఒక వైచిత్రి దాగి ఉంది. సాల్వేషన్ ఆర్మీని భారతదేశానికి తెచ్చినవాడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్. ఆయన ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. పంజాబులో సహాయ కమిషనరుగా ఉంటూ రాజీనామా చేశాడు. 1882 సెప్టెంబరు 19న మరి ముగ్గురితో బొంబాయి రేవులో దిగాడు. కాషాయం కట్టి, చెప్పులు విడిచి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. వారి ప్రచారానికి వాద్యాలే ఆయుధాలు. డోలు, కొమ్ముబూర, గుండ్రని తంబురీను పట్టుకొని వీధులలో పాడుతూ ఊరేగడం లండనులో వారి సంప్రదాయం. బొంబాయి పోలీసు దానిని అనుమతించలేదు. హిందువుల, ముస్లిముల మనసులు నొచ్చుకొని అల్లరి జరుగుతుందని ఆక్షేపించి, వాద్యాలతో ఊరేగినందుకు వారిని మళ్ళీమళ్ళీ అరెస్టు చేశారు. టక్కర్ జైలుకు పోయాడు. వీధిలో పాడుకునే హక్కు వారికి ఉండాలని కలకత్తాలో కేశవచంద్ర సేన్ వంటి భారతీయులు గొంతెత్తారు. చివరకు ఆర్మీ గెలిచింది.

ఆ టక్కరే 1907లో తిరిగి భారతదేశానికి వచ్చి ఆర్మీకి ఇక్కడ సారథ్యం వహించాడు. ఆయన హయాములోనే ఆ సంస్థ ప్రభుత్వ ఆహ్వానం మీద నేరస్థ జాతుల సంస్కరణకు పూనుకుంది. 1908లో గోరఖ్‌పూరులో డోమ్‌లతో మొదలైన ఆ పని కొద్ది ఏళ్ళలో స్టువర్టుపురం చేరింది. ఈ విద్యకు ఆయన ఒక శాస్త్రం పేరు కూడా కల్పించాడు. నేరచికిత్స అనే అర్థమిచ్చే ఆంగ్ల పదం అది. పాటతో వీధిన నడిచినందుకు చెర అనుభవించినవాడు, పాటతో వీధిన నడిచేవారికి కట్టిన కంచెకు కావలివాడయ్యాడు. ఆయన హృదయంలో కరుణ లేదని అనడానికి వీలులేదు. కరుణ ఉన్నవాని చేతికి కూడా రిజిస్టరు ఇస్తే ఏమి జరుగుతుందో చరిత్ర విద్యార్థికి ఇది మంచి ఉదాహరణ. కార్యాలయాలలో పనిచేసేవారికి ఇంకా మంచి ఉదాహరణ.

సెటిల్‌మెంటులో పాట పూర్తిగా లేకుండా పోలేదు. దాని స్థానంలో మరొక పాట వచ్చింది. ఆరాధనలలో డోలు, చప్పట్లు, సామూహిక గానం సాల్వేషన్ ఆర్మీ ప్రాణం. పైగా తెలుగు క్రైస్తవ గానానికి అప్పటికే దేశీయమైన బాణీ ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగతాళాలలో రచించిన కీర్తనలు ఆంధ్రదేశపు ప్రార్థనామందిరాలలో పల్లెగొంతుకలకు ఎక్కి ఉన్నాయి. ఎరుకల పిల్లల గొంతులో ఆ కీర్తనలు ఇమడకుండా ఉండవు. పాడే జాతికి పాట దొరికితే పాడుతుంది. మారినది పాడే చోటు, వినేవారు. ఎరుకలసాని పాటకు వినేది గడపలోని ఇల్లాలు, ప్రతిఫలం చేటెడు బియ్యం. సెటిల్‌మెంటు పాటకు వినేది తమను కాపలా కాసే అధికారి.

ఇక్కడ దూరదేశపు ఖైదీల సెటిల్‌మెంటు ఒకటి పోలికకు వస్తుంది. ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ సముద్రంలో నార్ఫోక్ ద్వీపం ఉంది. దేశాంతరవాస శిక్ష పడి, ఆ తరువాత మళ్ళీ నేరం చేసినవారిని బ్రిటిషు ప్రభుత్వం అక్కడికి పంపేది. ఆ సామ్రాజ్యంలో అంతకంటే కఠినమైన చెర అరుదు. 1840లో దానికి అధికారిగా వచ్చిన అలెగ్జాండరు మెకానకీ కొరడాను నమ్మలేదు. ఖైదీల కోసం సంగీత వాద్యాలు, స్వరాలు రాసుకొనే కాగితాలు తెప్పించాడు. ఆ సంవత్సరం మే 25న విక్టోరియా రాణి పుట్టినరోజు వేడుకగా ద్వీపంలోని ఖైదీలకు ఒకరోజు స్వేచ్ఛ ఇచ్చి, నాటకం ఆడించి, పాటలు పాడించాడు. సాయంకాలానికి అందరూ తమ బారకాసులకు మరలివచ్చారు. వార్త సిడ్నీ చేరి పెద్దల ఆగ్రహానికి కారణమైంది. 1844లో ఆయనను తొలగించారు. అంతకు అర్ధశతాబ్ది ముందు 1789 జూన్ 4న సిడ్నీలో రాజుగారి పుట్టినరోజుకు ఖైదీలే ఒక ఆంగ్ల నాటకం ప్రదర్శించారు. ఆ వలసరాజ్యంలో మొదటి నాటకం అదే. ఈ రెండు సంఘటనలలోనూ ఉన్నవారు న్యాయస్థానంలో నేరం రుజువైనవారు. వారిని మనుషులుగా మార్చడానికి సంగీతం ఇవ్వాలని కనీసం ఒక అధికారికైనా తోచింది. స్టువర్టుపురంలో ఉంచినవారిలో ఎందరి మీదనో ఏ నేరమూ రుజువు కాలేదు. సంగీతం వారికి ఎవరూ ఇవ్వనక్కరలేదు, వారితోనే ఉంది. మనుషులుగా మార్చడం పేరిట దానిని వారి నుంచి వేరుచేశారు.

1936లో రుక్మిణీదేవి అరుండేల్ మద్రాసులో కళాక్షేత్రాన్ని స్థాపించారు. 1944లో అక్కడ ‘కుట్రాల కురవంజి’ నృత్యనాటకాన్ని ప్రదర్శించారు. త్రికూటరాజప్ప కవిరాయరు పద్దెనిమిదో శతాబ్దంలో రచించిన ఆ కృతి ఆధునిక రంగస్థలం మీద పునర్జీవం పొందింది. ఆధునిక నాట్యచరిత్రలో అది ముఖ్యమైన తేదీ. కొండజాతి స్త్రీ నడక, బుట్ట పట్టే ఒడుపు, చేయి చూసే అభినయం సంస్కారవంతులైన ప్రేక్షకుల మెప్పు పొందాయి. అదే సంవత్సరం అదే మద్రాసు రాజధానిలో కొరవలు, ఎరుకలవారు నేరస్థ జాతుల చట్టం కింద వేలిముద్రలు ఇచ్చి పాసు అడుగుతున్నారు. ఇందుకు కళాకారులను తప్పుపట్టడం న్యాయం కాదు. మరచిపోతున్న ఒక రూపాన్ని వారు నిలబెట్టారు. అయినా ఆనాటి సభలో కూర్చున్న ఉన్నతాధికారి ఎవరైనా మర్నాడు కార్యాలయానికి పోయి సెటిల్‌మెంటు ఫైలు తెరిచి ఉంటే, రాత్రి చప్పట్లు కొట్టిన స్త్రీ పేరునే ఆ ఫైలులో చూసి ఉండేవాడు. రెంటినీ కలిపి చదివే అలవాటు కార్యాలయానికి లేదు, సభకు లేదు.

చట్టం మీద మొదటి పెద్ద దెబ్బ నెల్లూరు నుంచి తగిలింది. 1936 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ నెల్లూరులో మాట్లాడుతూ ఈ చట్టాన్ని ఘోరమైనదిగా ఖండించి, ఏ జాతినీ పుట్టుకతో నేరస్థులుగా ముద్ర వేయడం నాగరిక న్యాయానికి విరుద్ధమని స్పష్టం చేశారు. కావలి సెటిల్‌మెంటు ఉన్నది ఆ జిల్లాలోనే. మద్రాసు రాజధాని 1947లో చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటికీ సంబంధించి 1949లో నియమితమైన విచారణ సంఘానికి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షులు. ఆ తరువాత లోక్‌సభ స్పీకరు అయినవారు వీరే. సంఘం సిఫార్సు మేరకు 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అయ్యంగారి జన్మస్థలం తిరుచానూరు. అంటే పద్మావతీదేవి కొలువున్న ఊరు. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టిన కథ ఆ ఊరి పిల్లలకు ఉగ్గుపాలతో వస్తుంది. ఆ కథకు, ఆ సిఫార్సుకు సంబంధం ఉన్నదని చెప్పడానికి ఆధారం లేదు. లేకపోయినా ఈ కలయిక ముచ్చటైనది.

రద్దయిన మరునాడే అంతా మారిపోలేదు. అలవాటైన నేరస్థుల చట్టాలు రాష్ట్రాలలో వచ్చాయి. కాగితం మీద జాతి స్థానంలో వ్యక్తి వచ్చాడు గాని ఠాణాలో చూపు మారడానికి చాలా కాలం పట్టింది. ఎరుకలవారు షెడ్యూల్డు తెగలలో చేరారు. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం చేపట్టి, నేరం విడిచినవారికి ఉపాధి చూపడానికి, పోలీసుకు ఊరికి మధ్య సంభాషణ నెలకొల్పడానికి పాటుపడ్డారు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె. వెలివేతను పద్యంలో నిలదీసిన తండ్రి కూతురు వెలి అయిన ఊరికి పోవడం సహజంగానే ఉంది. సినిమావారికి మాత్రం ఆ ఊరు ఇంకా దొంగల ఊరే. 1991లో ఒక్క సంవత్సరంలోనే రెండు చిత్రాలు ఆ పేరుతో వచ్చాయి. ఆ ఊరి దొంగ కథతోనే 2023లో మరొక చిత్రం వచ్చింది. ఆ పేరులో పాట ఉందని ఎవరికీ తోచలేదు.

గుజరాతులో వేరొక విధంగా జరిగింది. అహ్మదాబాదు ఛారానగర్ కూడా నేరస్థ జాతుల సెటిల్‌మెంటు నుంచి పుట్టిన పేటే. ఛారాలు తరతరాలుగా ఆడిపాడి వినోదం పంచినవారు. 1998లో పశ్చిమ బెంగాలులో బుధన్ శబర్ అనే విముక్త జాతి యువకుడు పోలీసు నిర్బంధంలో మరణించాడు. మహాశ్వేతాదేవి, గణేశ్ దేవి ఆ విషయాన్ని లోకం ముందుకు తెచ్చారు. ఛారానగర్ యువకులు ఆ మరణాన్నే నాటకం చేసి ఆడారు. అలా పుట్టినది బుధన్ థియేటర్. తాతల నాటి ఆటపాటల నేర్పును మనుమలు సాక్ష్యం చెప్పడానికి వాడుకున్నారు. పోలీసు అధికారులు కూడా ప్రేక్షకులుగా వచ్చి కూర్చున్న సందర్భాలు ఉన్నాయి.

స్టువర్టుపురంలో అటువంటి నాటకం ఇంకా పుట్టలేదు. అక్కడ ఇప్పుడు ఉపాధ్యాయులున్నారు, ప్రభుత్వోద్యోగులున్నారు, ఊరి పేరు చెప్పుకోవడానికి వెనుకాడే యువకులూ ఉన్నారు. 2022లో బాపట్ల కొత్త జిల్లా అయింది, ఊరి పేరు మాత్రం హెరాల్డ్ స్టువర్టుదే. కంచె ఎరగని మారుమూల ఊళ్ళలో ఎరుకలసాని ఇప్పటికీ అప్పుడప్పుడు వాకిట నిలబడి కామాక్షిని, మీనాక్షిని, విశాలాక్షిని వరుసగా తలుస్తుంది. ఆ తలపులోని ఊళ్ళలో చాలావాటిని ఆమె చూడలేదు. ఆమె అవ్వ నడిచింది.